పక్షవాతము – ధరించు విద్యుత్ సాధనములు

గ్రామములో ఒకరికి పక్షవాతము వచ్చినచో ఆ కష్టము ఆ ఒక్కరితో ఆగదు. నిన్నటివరకు పొలము పని చేసిన చేయి నేడు ముద్దను నోటికి అందింపలేదు. ఆ మనిషిని కనిపెట్టుకొని యుండుటకు ఇంటిలో మరియొకరు కూలి మానుకొనవలసి వచ్చును. ఇట్టి స్థితిలో, “కాలుచేతులను కరెంటుతో ఆడించు సాధనములు వచ్చినవట, అప్పు చేసియైనను కొనవచ్చునా?” అని ఆ కుటుంబము పంచాయతీ సభ్యులను అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సభ్యులు తగిన సమాధానము చెప్పుటకు వలయు విషయములను ఇచట వివరింతుము.

బిగువు ఎందుకు కలుగును?

మెదడులోని రక్తనాళము గడ్డతో పూడుకొనుటవలన గాని, చిట్లుటవలన గాని పక్షవాతము కలుగును. మెదడు కుడిభాగము దెబ్బతినినచో ఎడమ కాలుచేతులు, ఎడమభాగము దెబ్బతినినచో కుడి కాలుచేతులు చచ్చుబడును. మొదట అవి వ్రేలాడుచుండును. కొన్ని దినములకో వారములకో పలువురిలో కండరములు బిగుసుకొన నారంభించును. మోచేయి ముడుచుకొనును, వ్రేళ్ళు పిడికిలి పడును, పాదపు ముందుభాగము నేలను రాచుకొనును.

ఇందు మొదట చెడినది కండరము కాదు. దానిని అదుపులో నుంచు మెదడు ఆజ్ఞ. కాలువ బాగుగనే యున్నను తూము వద్ద మనిషి లేనిచో ఒక మడి మునుగును, మరియొక మడి యెండును. ఇదియు నట్టిదే.

విద్యుత్తు చేయు పని

నరములద్వారా నడచు వార్త విద్యుత్ స్వభావము గలది. విద్యుత్తు సోకిన చచ్చిన కప్ప కాలు కదలుటను ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్వానీ 18వ శతాబ్దమున గమనించెను. కావున మెదడు ఆజ్ఞ అందనిచోట, చర్మముపై నుంచిన చిన్న పలకలద్వారా స్వల్ప విద్యుత్తును పంపి నరమును ప్రేరేపింపవచ్చును.

మరియొక సూత్రము గలదు. మోచేతిని ముడుచు కండరము పని చేయునపుడు దానిని చాచు కండరము తనంతట సడలును. కాడికి కట్టిన యెడ్లవలె ఇవి జంటగా నుండును గాని, ఒకటి లాగునపుడు రెండవది వదలవలెను. ఈ ఏర్పాటును ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు షెరింగ్టన్ విపులముగా పరిశోధించెను. నాడీకణముల పనిని గూర్చిన కృషికి ఆయన 1932లో నోబెల్ బహుమతిని మరియొకరితో పంచుకొనెను.

రెండు విధముల సాధనములు

మొదటిది పాదమును లేపు సాధనము. దీనిని అమెరికాలో లీబర్సన్ అను వైద్యుడు, ఆయన సహచరులు 1961లో ప్రకటించిరి. చెప్పులో మడమ క్రింద ఒక మీట యుండును. నడకలో మడమ లేవగానే మోకాలి దిగువనున్న నరమునకు విద్యుత్తు అంది, పాదము పైకి లేచును. నేడు ఇది మోకాలి క్రింద కట్టుకొను పట్టీగా కూడ లభించుచున్నది. ఇట్టి ప్రేరణ నడకను మెరుగుపరచుటకు ఆధారములు చాలినంతగా నున్నవని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2009లో తెలిపెను. అయితే పట్టీ విప్పిన తరువాత పలువురిలో ఆ మేలు చాలవరకు నిలువదు.

రెండవది స్వీడన్ దేశమున రూపొందిన దుస్తు. చొక్కా, లాగులలో మొత్తము 58 పలకలు కుట్టియుండును. దీనిని సాధారణముగా దినము విడిచి దినము, గంట సేపు ధరింతురు. ఇది బిగిసిన కండరమునకు ఎదుటి జంటను మెల్లగా ప్రేరేపించి బిగువును సడలింప జూచును. దీనిపై జరిగిన పరీక్షలు చిన్నవి. ఫలితములు ఏకరీతిగా లేవు. కావున దీనిని వ్యాధిని మాన్పు మందుగా నెంచరాదు. సడలిన సమయమున వ్యాయామము చేయించినపుడే ప్రయోజనమునకు అవకాశము గలదు.

జాగ్రత్తలు

గుండెలో పేస్‌మేకర్ అమర్చుకొన్నవారు, గర్భిణులు, మూర్ఛవ్యాధి గలవారు వైద్యుని అనుమతి లేక వీనిని ముట్టరాదు. పుండ్లున్నచోట పలకలు ఉంచరాదు. స్పర్శ తెలియని చర్మము కాలినను రోగికి తెలియదు. గనుక ప్రతిసారి చర్మమును పరీక్షింపవలెను. ఇంటి కరెంటును నేరుగా వాడుట ప్రాణాపాయము.

పంచాయతీ కర్తవ్యము

సాధనముకన్న ముందు కాలము విలువైనది. మూతి వంకర పోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను వెంటనే 108కి ఫోను చేయవలెను. గడ్డవలన వచ్చిన పక్షవాతమునకు దానిని కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. దానికి ముందు మెదడు స్కానింగు జరుగవలెను. పసరు పోయించుటకును, పావురపు రక్తము రాయించుటకును తిరుగునంతలో ఆ గడువు దాటిపోవును.

ఆసుపత్రినుండి వచ్చిన తరువాత కీళ్ళను చాచు వ్యాయామములను ఫిజియోథెరపీ నిపుణునివద్ద నేర్చి, ఇంటివారు ప్రతిదినము చేయింపవలెను. సాధనము కొనదలచినవారు ముందుగా వైద్యుని సమక్షమున దానిని పరీక్షించి చూడవలెను. అది లేక ఎన్ని అడుగులు నడచిరి, ధరించి ఎన్ని అడుగులు నడచిరి అని లెక్కింపవలెను. భేదము కానరానిచో అప్పు చేయుట తగదు. అంగవైకల్యము 40 శాతము, అంతకు మించియున్నవారికి 2016 నాటి చట్టము క్రింద ప్రత్యేక హక్కులు గలవు. ధ్రువపత్రము పొందుటకు సభ్యులు తోడ్పడవలెను.

పంచాయతీ కార్యాలయమునకు మెట్లతోపాటు వాలుబాట, పట్టుకొనుటకు కమ్మీ ఏర్పరచుట మన చేతిలోని పని. ఎంత మంచి పట్టీ కట్టుకొన్నను, నడచుటకు సరియైన బాట లేనిచో ఆ కాలు ఇంటి గడప దాటదు.