షార్టేజి

అక్కలారా, ఈ మాటను కూడబలుక్కుని చదవండి. షార్ - టే - జి.

ఇది ఇంగ్లీషు మాట. అయినా మన నోళ్ళలో ఎప్పటినుంచో నానుతున్నదే. ఉండాల్సిన దానికన్నా తక్కువ ఉంటే షార్టేజి అంటారు.

తెలుగులో దీనికి చాలా మాటలున్నాయి. నీళ్ళు చాలకపోతే కొరత అంటాం. చేతిలో డబ్బు తగ్గితే లోటు అంటాం. ధాన్యం ఆరి బరువు తగ్గితే తరుగు అంటాం. అమ్మాయి కాలేజీకి సరిగా పోకపోతే మాత్రం, హాజరు షార్టేజి అనే కబురు వస్తుంది.

ఒంట్లో ఇనుము తక్కువైతే డాక్టరు షార్టేజి అని రాయరు. ఐరన్ డెఫిషియెన్సీ అని రాస్తారు. మాట వేరు, అర్థం దాదాపు ఒకటే.

మనకు ఈ మాట ఎక్కువగా వినపడేది రేషన్ షాపులో.

"స్టాకు షార్టేజి అమ్మా, రేపు రా" అంటాడు డీలరు. ఖాళీ సంచి పట్టుకుని తిరిగి వస్తాం. ఒక పూట కూలి పోతుంది.

అప్పుడు అడగాలి. షార్టేజి ఎక్కడ? గోదాము నుంచే సరుకు తక్కువ వచ్చిందా? షాపుకు వచ్చాక తగ్గిందా? మొదటిది కొరత. రెండోదాన్ని ఏమంటారో మీకే తెలుసు.

2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. దాని ప్రకారం మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు. అంత్యోదయ కార్డుకు ఇంటికి 35 కిలోలు. కొన్నిచోట్ల రాష్ట్ర ప్రభుత్వం ఇంకాస్త కలిపి ఇస్తుంది. సరుకు ఇవ్వలేకపోతే బదులుగా డబ్బు ఇవ్వాలని కూడా ఆ చట్టంలో ఉంది. అంటే, షార్టేజి అన్నంత మాత్రాన మన వాటా పోదు.

వేలిముద్ర వేశాక మిషను చీటీ ఇస్తుంది. చీటీ అడిగి తీసుకోండి. చీటీ మీది అంకె, కాటా మీది అంకె ఒకటేనా? మీరే చదవండి. "ఇప్పుడు వేలిముద్ర వెయ్యి, బియ్యం తర్వాత ఇస్తా" అంటే ఒప్పుకోవద్దు. వేలు పెట్టారంటే, బియ్యం తీసుకున్నట్టే మిషనులో లెక్క పడుతుంది. తేడా వస్తే 1967 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు.

ఒక లెక్క చేద్దాం. కార్డులో నలుగురి పేర్లున్నాయి. మనిషికి 5 కిలోలు. కాటా మీద 18 కిలోలు వచ్చింది. షార్టేజి ఎంత?

పలక మీద రాయండి. తర్వాత మీ కార్డు తీయండి. ఎంతమంది పేర్లున్నాయి? మీ ఇంటికి ఎన్ని కిలోలు రావాలి? అదీ రాయండి.