మన వీథి యంగడి – అంతర్జాలమున దాని యునికి

వర్తకము సాగుటకు రెండు సంగతులు కావలెను. సరకు గాని పని గాని మంచిదై యుండవలెను. అది యెచ్చట దొరకునో కొనువారికి తెలియవలెను. మొదటిది వర్తకుని నేర్పును, నిజాయితీని బట్టి యుండును. రెండవది కాలమును బట్టి మాఱుచు వచ్చినది. పూర్వము టముకు వేయించుట, అంగడి ముందు బోర్డు కట్టుట, పత్రికలలో ప్రకటనలు వేయించుట అను మార్గములుండెడివి. టెలిఫోను వచ్చిన పిదప డైరెక్టరీలు పుట్టినవి. అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున 1878లో వెలువడిన మొదటి డైరెక్టరీ ఒక్క కాగితము మాత్రమే. అందు సుమారు 50 పేర్లుండెను. 2005లో గూగుల్ సంస్థ తన పటములను ప్రజలకందించెను. ఇప్పుడు కాగితమునకు బదులు ఫోనునే జనులు అడుగుచున్నారు.

ఇందువలన నొక చిక్కు పుట్టినది. నలువది యేండ్లుగా ఒకే వీథిలో చక్కని పని చేయుచున్న దర్జీ పేరు ఆ పటములో లేకపోవచ్చును; నిన్న తెఱచిన అంగడి పేరు ఉండవచ్చును. ఊరికి క్రొత్తగా బదిలీయైన ఉద్యోగి, కళాశాలలో చేరవచ్చిన విద్యార్థి, ఆస్పత్రిలోని రోగికి తోడుగా వచ్చిన బంధువు – వీరు వీథుల వెంట తిరిగి అడుగుటకంటె ముందుగా ఫోనునే అడుగుదురు. ఫోను చెప్పని అంగడి వారికి లేనట్టిదే. పని చెడినందున గాక, పేరు వ్రాయబడనందున ఒక కుటుంబము తన జీవనమును కోలుపోవుట శోచనీయము. ఈ చిక్కు తీర్చుటకు ధనమక్కఱలేదు. కొంచెము చదువును, ఓపికయు చాలును. ఆ రెండును మన విద్యార్థులకు కలవు గనుక ఈ విషయమును ఇచట పాఠముగా వ్రాయుచున్నాము.

1. యంత్రము దేనిని జూచి చెప్పును?

'దగ్గఱలో సైకిలు బాగుచేయువారు' అని ఫోనులో అడిగితిమనుకొందము. క్షణములో మూడు నాలుగు పేర్లును, వాటి గుఱుతులు గల పటమును కనబడును. ఊరిలో అట్టివారు ఇరువదిమంది యున్నను ఆ కొన్ని పేర్లే ముందు వచ్చుటకు కారణమేమి? ఇందుకు గూగుల్ సంస్థ మూడు కొలతలను చెప్పుచున్నది.

మొదటిది సంబంధము. అనగా అడిగినదానికిని అంగడి చేయు పనికిని ఎంత పొందిక కలదో చూచుట. బోర్డుమీద 'ఎంటర్‌ప్రైజెస్' అని మాత్రమే వ్రాసియున్నచో, అచట మోటార్లకు వైండింగు చేయుదురో, ఎరువులమ్ముదురో దారిన పోవు మనకే తెలియదు, యంత్రమునకెట్లు తెలియును?

రెండవది దూరము. అడిగినవాడు ఉన్న చోటికి అంగడి యెంత దగ్గఱనున్నదో చూచుట. కావుననే ఒకే ప్రశ్నకు రైలు స్టేషను వద్ద నొక జవాబును, చెఱువుగట్టు వద్ద మఱొక జవాబును వచ్చును.

మూడవది ప్రఖ్యాతి. ఆ యంగడిని గుఱించి ఎందఱు రివ్యూలు వ్రాసిరి, ఎన్ని నక్షత్రములిచ్చిరి, ఇతర చోట్ల దాని పేరు ఎంతగా కనబడుచున్నది అనువానిని బట్టి ఇది యేర్పడును.

ఈ మూడింటిలో దూరమును వర్తకుడు మార్పజాలడు. ప్రఖ్యాతి మెల్లగా పెరుగును. సంబంధమును మాత్రము నేడే చక్కపఱచుకొనవచ్చును. కాబట్టి పని అచటనే ఆరంభింపవలెను. ధనమిచ్చి ఈ వరుసలో ముందు స్థానము పొందుటకు వీలులేదని ఆ సంస్థయే తెలుపుచున్నది. ధనమిచ్చి వేయించు ప్రకటనలు వేఱు. అవి ప్రకటనలను గుఱుతుతోనే కనబడును.

2. నమోదు చేయు విధము

ఇందులకై గూగుల్‌లో 'బిజినెస్ ప్రొఫైల్' అను నమోదు కలదు. ఇది 2014లో 'గూగుల్ మై బిజినెస్' అను పేర వెలువడి, 2021లో ఇప్పటి పేరు పొందెను. దీనికి రుసుము లేదు. ఇందు వ్రాయవలసిన సంగతులు కొన్ని.

పేరు: బోర్డుమీద ఎట్లున్నదో అట్లే వ్రాయవలెను. పేరు ప్రక్కన 'ఊరిలోకెల్ల ఉత్తమము', 'తక్కువ ధర' మొదలగు మాటలు చేర్చుట నియమ విరుద్ధము. అట్టి నమోదును నిలిపివేయుటయు కలదు.

వర్గము: ప్రధాన వర్గము ఒకటి, అదనపు వర్గములు తొమ్మిది వఱకు ఎన్నుకొనవచ్చును. ప్రధాన వర్గము ఎంత నిర్దిష్టమైన నంత మేలు. 'దుకాణము' అనుటకంటె 'సైకిలు మరమ్మతు దుకాణము' అనుట మంచిది. చేయని పనిని చేయునట్లు చూపరాదు.

వేళలు: తెఱచు వేళ, మూయు వేళ, వారపు సెలవు సరిగా నుండవలెను. పండుగ దినముల వేళలను వేఱుగా తెలుపుటకు వీలు కలదు. మండుటెండలో ఆటో కూలి యిచ్చుకొని వచ్చినవాడు మూసిన తలుపులు చూచినచో మఱల రాడు.

ఛాయాచిత్రములు: పగటి వెలుతురులో అంగడి ముఖభాగమును, బోర్డు చదువుటకు వీలగునట్లు తీయవలెను. వచ్చువాడు గుర్తుపట్టుటకే ఈ చిత్రము.

అంగడి లేక ఇండ్లకు పోయి పనిచేయు ప్లంబర్లు, కరెంటు పనివారు మొదలగువారు తమ యింటి చిరునామాను దాచి, తాము పోవు ప్రాంతములను మాత్రము చూపవచ్చును. ఇట్టి ప్రాంతములు 20 వఱకు చేర్చవచ్చును.

ఈ వివరములిచ్చిన వెనుక, అంగడి నిజముగా కలదని సంస్థవారికి ఋజువు చూపవలెను. పెక్కుసార్లు వీడియో తీయుమని అడుగుదురు. అందు వీథి, బోర్డు, పనిముట్లు కనబడవలెను. అంగడి తమదేయని తెలియునట్లు షట్టరు తాళము తీయుట మొదలగునది చూపవలెను.

3. తెలుగు పేరు, తెలుగు చిరునామా

మనవారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. తెలుగున ఒకే విధముగా వ్రాయు పేరును ఇంగ్లీషు అక్షరములలో పలువిధముల వ్రాయుదురు. 'లక్ష్మి' అను పేరిలోని 'క్ష'ను కొందఱు కె, ఎస్, హెచ్ అను మూడక్షరములతోను, కొందఱు ఎక్స్ అను ఒక్క అక్షరముతోను వ్రాయుదురు. 'త'ను కొందఱు టి అనియు, కొందఱు టి, హెచ్ అనియు వ్రాయుదురు. బోర్డుమీద నొకటి, రసీదు పుస్తకములో నొకటి, పటములో మఱొకటియైనచో ఒకే యంగడి మూడంగళ్లవలె తోచును. కాబట్టి ఒక్క వ్రాతను నిర్ణయించుకొని, గూగుల్, జస్ట్‌డయల్, ఇతర పటములు – అన్నిట దానినే నిలుపవలెను. ఫోను నంబరు విషయమునను ఇట్లే.

చిరునామా సంగతియు ఇట్టిదే. 'రామాలయము వెనుక', 'పాత బస్టాండు ఎదుట' అనుట మనకు వాడుక. ఊరివారికి అది చాలును, పరస్థలమువారికి చాలదు. డోరు నంబరు, వీథి పేరు, ఊరు, పిన్‌కోడు వ్రాయవలెను. 1972 ఆగస్టు 15న మన దేశమున అమలునకు వచ్చిన పిన్‌కోడులో ఆఱంకెలు కలవు. మొదటి మూడు అంకెలు ఉత్తరములను వేఱుచేయు జిల్లాను, చివరి మూడు అంకెలు బట్వాడా చేయు తపాలా కార్యాలయమును తెలుపును. ఒక్క అంకె తప్పినను గుఱుతు మఱొక యూరికి పోవచ్చును. అన్నియు వ్రాసిన పిమ్మట పటములోని గుఱుతు సరిగా అంగడి గుమ్మముమీదనే పడినదో లేదో చూచుకొనవలెను.

4. ఒక యుదాహరణము

అనకాపల్లి జిల్లాలో వరాహ నది యొడ్డున ఏటికొప్పాక అను గ్రామము కలదు. అచటి పనివారు అంకుడు కఱ్ఱను తరిణి పట్టి, లక్కతో రంగులు వేసి బొమ్మలు చేయుదురు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. దానిచే ఆ గ్రామపు పేరునకు చట్టరక్షణ కలిగెను. కాని ఏ యింటి తలుపు తట్టిన బొమ్మ దొరకునో ఆ గుర్తింపు చెప్పదు. ఊరి పేరు లోకమెఱిగినను పనివాని గుమ్మము లోకమునకు తెలియదు. విశాఖపట్టణమున నుండి 'కఱ్ఱ బొమ్మలు' అని అడుగువానికి దూరమను కొలతను బట్టి పట్టణపు అంగళ్లే ముందు కనబడుట సహజము. పనివాడు తన నమోదులో బొమ్మల తయారీ అను పనిని, గ్రామము పేరును, అంకుడు కఱ్ఱను, లక్కపనిని స్పష్టముగా వ్రాసి, పనిచేయుచున్న చిత్రములను చేర్చినచో, 'ఏటికొప్పాక బొమ్మలు' అని అడుగువానికి అతడు కనబడుటకు అవకాశము హెచ్చును. నడుమ చేతులు మాఱకుండ బొమ్మ వెల అతని చేతికే చేరును.

5. రివ్యూలును సత్యమును

ప్రఖ్యాతి త్వరగా కావలెనను ఆశచే కొందఱు బంధువులచేత, కూలికి వ్రాయువారిచేత పొగడ్తలు వ్రాయింతురు. ఇది అబద్ధ సాక్ష్యము. గూగుల్ నియమములు దీనిని నిషేధించుచున్నవి. రివ్యూ వ్రాసినందులకు బహుమానమో, ధరలో తగ్గింపో ఇచ్చుటయు నిషిద్ధమే. భారతీయ ప్రమాణముల సంస్థ 2022లో రివ్యూల సేకరణ, ప్రచురణల విషయమై ఐఎస్ 19000 అను ప్రమాణమును వెలువరించినది. పని ముగిసిన పిదప 'మీకు తోచినది వ్రాయుడు' అని కోరుట మాత్రము తప్పుకాదు. ఎవరైన దూషించినచో కోపింపక, రెండు వాక్యములలో మర్యాదగా బదులు వ్రాయవలెను. ఆ బదులును చదువువాడు దూషించినవాడొక్కడే కాడు. రేపు రాదలచినవారందఱును చదువుదురు.

6. జాగ్రత్తలు

నమోదు ఎల్లప్పుడు అంగడి యజమాని ఖాతాలోనే యుండవలెను. సాయము చేయువాడు తన ఖాతాలో నమోదు చేసి, తరువాత చదువునకో ఉద్యోగమునకో పరస్థలమునకు పోయినచో, యజమాని తన యంగడి వేళలనైన మార్చుకొనలేడు. సహాయకుని 'మేనేజరు'గా చేర్చుటకు వేఱుగా వీలు కలదు.

'మేము గూగుల్ నుండి మాటాడుచున్నాము, సొమ్ము చెల్లింపకున్న మీ పేరు తీసివేయుదుము' అని ఫోను వచ్చినచో నమ్మరాదు. ఓటీపీ నెవరికిని చెప్పరాదు. పటములోని వివరములకు మార్పులు సూచించు వీలు ఎవరికైనను కలదు గనుక, నెలకొకసారియైన తన నమోదును చూచుకొనుట మేలు.

7. విద్యార్థులు చేయదగిన పని

మొదట, ఇద్దఱు విద్యార్థులు ఊరి రెండు చివరల నిలిచి ఒకే ప్రశ్నను ఫోనులో అడిగి, వచ్చిన పేర్లను వ్రాసికొని పోల్చుడు. దూరమను కొలత కంటికి కనబడును. పిదప మీ వీథిలోని అంగళ్లను లెక్కించి, వాటిలో పటమున నున్నవెన్ని, లేనివెన్ని, ఫోను నంబరు తప్పినవెన్ని అని పట్టిక వ్రాయుడు. తుదకు, పటములో లేని యంగడి యొకదానిని ఎన్నుకొని, తలిదండ్రులతో చెప్పి, యజమాని అనుమతి పొంది, ఆయన యెదుటనే, ఆయన ఫోనులోనే నమోదు చేయుడు. ప్రతి సంగతిని ఆయనకు చదివి వినిపించి, ఔనన్న తరువాతనే పంపుడు. ప్రతిఫలము కోరకుడు.

చెడ్డ సరకును ఏ పటమును మంచి సరకుగా చేయజాలదు. కాని మంచి పనివాడు మఱుగున పడకుండ కాపాడుట మనచేతిలోని పనియే. అక్షరము నేర్చినవాడు అక్షరము రానివానికి ఉత్తరము వ్రాసిపెట్టుట మన యూళ్లలో మర్యాదగా నుండెడిది. ఈ దినములలో పొరుగువాని అంగడి పేరు తప్పులేకుండ పటమున కెక్కించుటయు అట్టి మర్యాదయే యని మేము తలంచుచున్నాము.