ప్లైవుడ్ షీటు తిన్నగా కోయాలంటే: క్లాంపు గైడు ఎంపికపై ఒక పాఠం



మన ట్రస్టు ఉపకార వేతనం అందుకుంటున్నవారిలో ఇంజనీరింగు, వైద్యం చదివేవారితో పాటు ఐ.టి.ఐ.లో కార్పెంటర్ ట్రేడు నేర్చుకునేవారు, ఇంటీరియర్ పనుల్లో చేరినవారు కూడా ఉన్నారు. ఈ పాఠం ముఖ్యంగా వారి కోసం. నేను వాణిజ్య శాస్త్రం చదివి, బ్యాంకు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చిన్న అప్పుల దరఖాస్తులు చాలా ఏళ్ళు నా బల్ల మీదుగా వెళ్ళాయి. వడ్రంగం పనికి అప్పు కోరేవారు జతచేసే కొటేషన్లలో రంపం మిషను, డ్రిల్లు, చిత్రిక పట్టే మిషను తప్పక ఉండేవి. రంపాన్ని తిన్నగా నడిపించే గైడు మాత్రం అరుదుగా కనిపించేది. రిటైరయ్యాక ఇంట్లోకి పుస్తకాల అలమరలు నేనే చేసుకుంటున్నాను. ఆ చిన్న వస్తువు ఎంత డబ్బు కాపాడుతుందో ఇప్పుడు లెక్క కట్టి చెప్పగలను.

1. గైడు అవసరం ఏమిటి?

మామూలు ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. మిల్లీమీటర్లలో 2440 × 1220. ఇంత పెద్ద షీటును చిన్న టేబుల్ రంపం మీద ఒక్కరే తోయడం కష్టం, ప్రమాదం కూడా. అందుకే షీటును కదలకుండా పరిచి, చేతి సర్క్యులర్ రంపాన్ని దాని మీద నడుపుతారు. ఎంత చేయి తిరిగినవారైనా 8 అడుగుల గీత మీద కేవలం కంటి అంచనాతో రంపం నడిపితే కోత అక్కడక్కడ వంకర పోతుంది. రంపం అడుగున ఉండే బేస్ ప్లేటు ఒక తిన్నని అంచుకు ఆనుకొని నడవాలి. ఆ అంచే గైడు. రెండు చివరలా బిగింపు దానిలోనే అమర్చి ఉన్న గైడును క్లాంపు గైడు అంటాము.

నష్టం ఎంతో చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి చదరపు అడుగు ధర రూ.100 అనుకోండి. షీటులో 32 చదరపు అడుగులు, అంటే రూ.3,200. అలమర పక్క పలక కోసం సుమారు 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ముక్క కావాలి. అది 16 చదరపు అడుగులు, రూ.1,600. కోత 3 మిల్లీమీటర్లు లోపలికి పోతే ఆ ముక్క ఆ పనికి రాదు. రోజు కూలీ మీద బతికే కుర్రవాడికి ఒక్క వంకర కోత ఆ రోజు సంపాదనను మించిన నష్టం. పైగా ఇంటి యజమాని రెండోసారి పనికి పిలవడు. ఈ రెండో నష్టం ఏ ఖాతాలోనూ రాసుకోలేనిది.

2. గైడ్లలో రకాలు

(అ) రంపంతో పాటు వచ్చే చిన్న ఇనుప గైడు. ఇది షీటు అంచును పట్టుకొని నడుస్తుంది. సన్నని పట్టీలు చీల్చడానికి సరిపోతుంది. షీటు అంచు వంకరగా ఉంటే ఆ వంకరే కోతలోకి వస్తుందని మరవవద్దు.

(ఆ) తిన్నని చెక్క పట్టీ, రెండు సి-క్లాంపులు. ఖర్చు తక్కువ. పట్టీ తిన్నగా ఉంటే ఫలితం బాగుంటుంది. ప్రతి కోతకూ బిగించడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది.

(ఇ) ఒకే ముక్కగా ఉండే అల్యూమినియం క్లాంపు గైడు. 24, 36, 50 అంగుళాల సైజులు ఎక్కువగా కనిపిస్తాయి.

(ఈ) రెండు ముక్కలను మధ్యలో జతచేసి 100 అంగుళాల వరకు చేసుకునే గైడు. షీటును నిలువునా చీల్చడానికి.

(ఉ) ట్రాకు మీద నడిచే ప్రత్యేక రంపం. ట్రాకు అంచే కోత గీత కాబట్టి కొలత సులువు. ధర మిగతావాటికంటే చాలా ఎక్కువ.

3. కొనే ముందు ఐదు పరీక్షలు

మొదటిది: పట్టు కొలత. గైడు మొత్తం పొడవు వేరు, అది బిగించగల వెడల్పు వేరు. షీటు వెడల్పు 48 అంగుళాలు. మొత్తం పొడవే 48 అంగుళాలున్న గైడు ఈ షీటును పట్టలేదు, ఎందుకంటే రెండు చివరలా దవడలు కొంత చోటు తీసుకుంటాయి. అందుకే అడ్డకోతకు 50 అంగుళాల పట్టు ఉన్నది అడగాలి. పెట్టె మీద రాసిన సంఖ్య పట్టుదా, మొత్తం పొడవుదా అని దుకాణంలోనే టేపు పెట్టి చూడండి.

రెండవది: తిన్నదనం. దీనికి ఖర్చు లేదు. నున్నని బల్ల మీద గైడు పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిలుతో అంచు వెంట గీత గీయండి. తర్వాత గైడును చివర నుంచి చివరకు తిప్పి, అదే అంచును గీతకు అవతలి వైపు నుంచి ఆనించి మళ్ళీ గీయండి. రెండు గీతలు ఒకటైతే మంచిది. మధ్యలో సందు కనిపిస్తే, ఆ సందులో సగం గైడు వంపు. అసలు తేడా రెండింతలై కనబడుతుంది కాబట్టి కంటికి సులువుగా దొరుకుతుంది. 8 అడుగుల గైడుకు దారం పరీక్ష చేయండి. ఒకే రకం నాణేలు మూడు తీసుకోండి. రెండు చివరలా ఒక్కో నాణెం పెట్టి వాటి మీదుగా దారం బిగించి లాగండి. మూడో నాణేన్ని దారం కింద అంచు పొడవునా జరపండి. ఎక్కడైనా వదులుగా దూరినా, దారాన్ని పైకి నెట్టినా అక్కడ వంకర ఉన్నట్టే. రెండు ముక్కల గైడులో అతుకు దగ్గర ఈ పరీక్ష తప్పనిసరి.

మూడవది: పక్కకు వంగకపోవడం. రంపం నడిపేటప్పుడు గైడును పక్కకు కూడా ఒత్తుతాము. రెండు చివరలే బిగించి ఉన్న పట్టీని మధ్యలో ఒత్తితే కలిగే వంపు పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అదే పట్టీని అదే బలంతో ఒత్తినా, పొడవు 4 అడుగుల నుంచి 8 అడుగులకు పెరిగితే వంపు 2 × 2 × 2 = 8 రెట్లు అవుతుంది. పట్టీ వెడల్పు రెండింతలైతే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. కాబట్టి పొడవైన గైడు వెడల్పుగా కూడా ఉండాలి. అదే ఆకారంలో ఉన్న ఉక్కు పట్టీతో పోలిస్తే అల్యూమినియం సుమారు మూడింతలు ఎక్కువ వంగుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. దుకాణంలో గైడును ఒక పలకకు బిగించి, మధ్యలో బొటనవేలితో పక్కకు నెట్టి చూస్తే విషయం తెలిసిపోతుంది.

నాల్గవది: ఎత్తు. గైడు మోటారు వైపు ఉన్నప్పుడు, రంపాన్ని లోతుకు దించితే మోటారు గైడుకు తగలవచ్చు. చిన్న కట్టర్లలో మోటారు కిందికి ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది ఎక్కువ. వీలైతే మీ రంపాన్ని దుకాణానికి తీసుకువెళ్ళండి. లేదా బేసు నుంచి మోటారు అడుగుకు ఎంత ఎత్తుందో కొలిచి రాసుకువెళ్ళండి.

ఐదవది: దవడలు. అవి షీటు అంచును నొక్కి పట్టాలి గాని నలపకూడదు. రబ్బరు గాని ప్లాస్టిక్కు గాని తొడుగు ఉండాలి. బిగించాక ఒక చివర కొద్దిగా జారినా కోత అడ్డదిడ్డమవుతుంది. ఇటువంటి వాలు పక్కపక్కన ఉండే రెండు తలుపుల్లోనూ 1 మి.మీ. చొప్పున ఉంటే, మూసినప్పుడు మధ్య సందు పైనా కిందా 2 మి.మీ. తేడాతో కనిపించవచ్చు.

4. నూలు లెక్క, దూరం లెక్క

బ్లేడు కోసేటప్పుడు కొంత చెక్కను పొడి చేసి తినేస్తుంది. బ్లేడును బట్టి ఇది సుమారు 1.5 నుంచి 3 మి.మీ. ఉంటుంది. అంగుళంలో ఎనిమిదో వంతును మన వడ్రంగులు నూలు అంటారు. తమిళనాట నూల్ అన్నా, మహారాష్ట్రలో సూత్ అన్నా అదే కొలత, 3.175 మి.మీ. కాబట్టి మందం బ్లేడు ఒక్కో కోతకు దాదాపు ఒక నూలు తింటుందని గుర్తుంచుకోండి.

1220 మి.మీ. వెడల్పు నుంచి సరిగ్గా 610 మి.మీ. ముక్కలు రెండు రావు. బ్లేడు 3 మి.మీ. తింటే మిగిలేది 1217. ఒక్కొక్కటి 608.5. డిజైను గీసేటప్పుడే ఈ తరుగు రాయకపోతే చివరి ముక్క చాలదు.

రెండో లెక్క గైడును ఎక్కడ పెట్టాలన్నది. బేస్ ప్లేటు అంచు నుంచి బ్లేడు పన్ను దగ్గరి వైపుకు ఎంత దూరమో ముందు పనికిరాని ముక్క మీద కోసి కొలవండి. అది 128 మి.మీ. అనుకుందాం. మీకు కావలసిన ముక్క 600 మి.మీ. అయితే, గైడు అంచు షీటు అంచు నుంచి 600 − 128 = 472 మి.మీ. దగ్గర ఉండాలి. ఈ కొలత రెండు చివరలా తీయాలి. గైడును ఎప్పుడూ మనకు కావలసిన ముక్క మీదే పెట్టండి. అప్పుడు రంపం గైడును వదిలి పక్కకు జరిగినా వృథా ముక్కలోకి పోతుంది, మంచి ముక్క నిలుస్తుంది. బ్లేడు మార్చినప్పుడల్లా ఆ దూరాన్ని మళ్ళీ కొలవండి.

5. ఏది కొనాలి?

నా సలహా ఇది. పని మొదలుపెట్టేవారు 50 అంగుళాల పట్టు ఉన్న ఒక క్లాంపు గైడు కొనండి. అలమర అరలు, అడుగు పలకలు వంటి అడ్డకోతలన్నీ దానితో జరిగిపోతాయి. నిలువు కోతకు 100 అంగుళాల గైడు వెంటనే కొననక్కరలేదు. ఫ్యాక్టరీ అంచు తిన్నగా ఉన్న ప్లైవుడ్ నుంచి అడుగు వెడల్పు, 8 అడుగుల పొడవు పట్టీ తీసి ఉంచుకోండి. అడుగు వెడల్పు ఉంది కాబట్టి అది పక్కకు వంగదు. రెండు చివరలా సి-క్లాంపులతో బిగిస్తే చాలు.

ఖర్చు కూడా చూద్దాం. పెద్ద ఊళ్ళలో ప్యానెల్ సా ఉన్నచోట షీటును కోసి ఇస్తారు. కోత కూలి, ఆటో ఖర్చు కలిపి షీటుకు రూ.150, గైడు ధర రూ.3,000 అనుకోండి. 3,000 ÷ 150 = 20. అంటే 20 షీట్లు కోసేసరికి గైడు ధర తిరిగి వస్తుంది. వారానికి 2 షీట్లు కోసేవారికి అది 10 వారాలు. ఏడాదికి 2 షీట్లు కోసేవారికి 10 ఏళ్ళు, అటువంటివారు కొనకుండా ప్యానెల్ సా దగ్గరకే వెళ్ళడం మేలు. ఇవి ఉదాహరణకు వేసిన ధరలు. మీ ఊరి ధరలు వేసుకొని ఇదే పద్ధతిలో లెక్క చూసుకోండి.

6. కోసేటప్పుడు జాగ్రత్తలు

షీటు కింద నాలుగు దిమ్మెలు పరిచి, కోత గీతకు రెండు వైపులా ఆధారం ఉండేలా చూడండి. ఆధారం లేక ముక్క కుంగితే బ్లేడు బిగుసుకొని రంపం వెనక్కి మనిషి మీదకు తన్నుతుంది. బ్లేడు షీటు అడుగు దాటి 5, 6 మి.మీ. దిగితే చాలు. దిమ్మెలు, గైడు దవడలు బ్లేడు దారిలో లేకుండా చూసుకోండి. సర్క్యులర్ రంపం పళ్ళు కింది నుంచి పైకి కోస్తాయి, కాబట్టి పెచ్చులు పై ముఖాన లేస్తాయి. అందంగా కనబడవలసిన ముఖాన్ని కిందికి తిప్పి కోయండి. 7 అంగుళాల బ్లేడుకు 40 నుంచి 60 పళ్ళు ఉంటే ప్లైవుడ్ అంచు శుభ్రంగా వస్తుంది.

కొలత తీసేటప్పుడు, బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు పీకేయండి. రక్షణ కవచం తీసేసి రంపం నడపవద్దు. లుంగీ అంచు, తువ్వాలు, చున్నీ వేలాడకూడదు. కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడిని మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. మాస్కు ధర చూసి వెనుకాడవద్దు.

అభ్యాసం

1. 1220 మి.మీ. వెడల్పు షీటును నాలుగు సమాన పట్టీలుగా నిలువునా కోయాలి. బ్లేడు 3 మి.మీ. తింటే ఒక్కో పట్టీ వెడల్పు ఎంత?

2. బేసు అంచు నుంచి బ్లేడుకు 96 మి.మీ. దూరం. 450 మి.మీ. ముక్క కావాలి. గైడు అంచు ఎక్కడ ఉండాలి?

3. 800 × 600 మి.మీ. పలక కోశారు. మూలలు సరిగ్గా ఉంటే మూల నుంచి మూలకు ఎంత రావాలి? రెండు మూల కొలతల్లో తేడా వస్తే అర్థం ఏమిటి?

జవాబులు: 1. మూడు కోతలకు 9 మి.మీ. పోతుంది. 1211 ÷ 4 = 302.75 మి.మీ. 2. షీటు అంచు నుంచి 354 మి.మీ. దగ్గర. 3. రెండూ 1000 మి.మీ. రావాలి. తేడా వస్తే పలక మూలమట్టానికి లేదు. తర్వాతి ముక్క కోసే ముందు గైడు బిగింపు సరిచూసుకోండి.