కొత్త ఫిగర్ వస్తుందా, రాదా? స్టార్ వార్స్ బొమ్మల పుకార్లను అంచనా వేయడం నేర్చుకుందాం

ఫోన్ లీక్‌లు చదవడంలో మనలో చాలామంది ఇప్పటికే ఎక్స్‌పర్ట్‌లు. ఒక మోడల్ నంబర్ బీఐఎస్ లిస్టులో కనిపించిందంటే ఇండియా లాంచ్ దగ్గర పడినట్టే అనుకుంటాం. బెంచ్‌మార్క్ స్కోర్ బయటికొస్తే టెస్ట్ యూనిట్ ఎవరి చేతిలోనో ఉందని అర్థం చేసుకుంటాం. "మా కజిన్ ఆ కంపెనీలోనే పని చేస్తాడు బ్రో" అని ఎవరైనా మొదలుపెడితే మాత్రం నవ్వేసి స్క్రోల్ చేసేస్తాం.

కానీ అదే మనం, కలెక్టబుల్ ఫిగర్స్ దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి అంతా పక్కన పెట్టేస్తాం. ఫేవరెట్ క్యారెక్టర్ ఫిగర్ వస్తుందంటే చాలు, ప్రూఫ్ అడగం. నేను కూడా ఇలాగే ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక ఆన్‌లైన్ సెల్లర్ "త్వరలో వస్తోంది, స్టాక్ తక్కువ" అని ఫొటో పెడితే 3,500 రూపాయలు అడ్వాన్స్ పంపాను. ఆ ఫిగర్‌ని కంపెనీ అసలు ప్రకటించనే లేదు. ఆ ఫొటో ఎవరో అభిమాని సరదాగా చేసుకున్న 3డీ రెండర్ అని తర్వాత తెలిసింది. డబ్బులు వెనక్కి రాలేదు.

అందుకే ఈ పాఠం. యాక్షన్ ఫిగర్స్ ప్రపంచంలో బాగా పాతదీ, బాగా రికార్డ్ అయినదీ స్టార్ వార్స్ లైన్. దాన్నే ఉదాహరణగా తీసుకుని, ఒక పుకారుని ఎలా తూకం వేయాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందుగా: ఒక ఫిగర్ ఎలా తయారవుతుంది?

పుకారు నిజమా కాదా అని తేల్చాలంటే బొమ్మ పుట్టే దారి తెలియాలి. ఆ దారి సింపుల్‌గా ఇలా ఉంటుంది.

1. లైసెన్స్, ప్లానింగ్: ఏ పాత్రలు చేయాలి, ఏ సైజులో, ఏ ధరకు అనేది సినిమా కంపెనీ, బొమ్మల కంపెనీ కలిసి తేల్చుకుంటాయి.
2. స్కల్ప్ట్: ఆర్టిస్టులు కంప్యూటర్‌లో 3డీ మోడల్ చేస్తారు. దాన్ని 3డీ ప్రింట్ తీసి, రంగులు వేసి ప్రోటోటైప్ తయారు చేస్తారు.
3. మోల్డ్: ప్లాస్టిక్ పోయడానికి స్టీల్ అచ్చు కోయిస్తారు. మొత్తం ఖర్చులో బరువైన భాగం ఇదే.
4. టెస్ట్ షాట్: అచ్చు నుంచి వచ్చిన మొదటి ముక్కలు. రంగు ఉండదు, లేదా ఏదో ఒక ప్లాస్టిక్ రంగులో ఉంటాయి. జాయింట్లు సరిగ్గా కదులుతున్నాయా లేదా ఇక్కడ చూస్తారు.
5. సేఫ్టీ టెస్టులు, ప్యాకింగ్ డిజైన్, బార్‌కోడ్.
6. దుకాణాల సిస్టమ్‌లో ఎంట్రీ, షిప్పింగ్, షెల్ఫ్.

ఇదంతా పూర్తవడానికి మామూలుగా ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే సగం పుకార్లు అక్కడికక్కడే రాలిపోతాయి. నిన్న ట్రైలర్‌లో కనిపించిన పాత్రకి వచ్చే నెల ఫిగర్ వస్తోందా? అయితే ఆ పని ట్రైలర్ కంటే చాలా ముందే మొదలై ఉండాలి.

దీనికి పక్కా ఉదాహరణ మొదటి సినిమానే. స్టార్ వార్స్ 1977 మే 25న విడుదలైంది. బొమ్మల హక్కులు కెన్నర్ అనే కంపెనీవి. సినిమా ఎవరూ ఊహించనంత పెద్ద హిట్ అయింది, కానీ క్రిస్మస్‌కి ఫిగర్స్ రెడీ చేయడం సాధ్యం కాలేదు. అప్పుడు కెన్నర్ ఏం చేసిందో తెలుసా? బొమ్మలు లేని ప్యాకెట్ అమ్మింది! అందులో ఒక సర్టిఫికెట్ ఉంటుంది. దాన్ని పోస్టులో పంపితే 1978లో ల్యూక్, లేయా, చ్యూబాకా, ఆర్2-డీ2 నాలుగు ఫిగర్స్ ఇంటికి వస్తాయి. అంటే ఎంత డిమాండ్ ఉన్నా, ఎంత డబ్బు వస్తుందని తెలిసినా, అచ్చు పని మాత్రం దాని టైమ్ అది తీసుకుంటుంది.

పాఠం 1: లీక్ లేదంటే బొమ్మ లేదని కాదు

ది మాండలోరియన్ సిరీస్ 2019 నవంబర్ 12న మొదలైంది. మొదటి ఎపిసోడ్ చివర్లో ఆ బుజ్జి ఆకుపచ్చ పిల్లాడు కనిపించాడు. అందరూ బేబీ యోడా అన్నారు, తర్వాత అసలు పేరు గ్రోగు అని తెలిసింది. ఆ రోజు దుకాణాల్లో వాడి బొమ్మ ఒక్కటి కూడా లేదు. మర్చిపోయారా? కాదు. సర్‌ప్రైజ్ పాడవకూడదని సిరీస్ సృష్టికర్త జాన్ ఫావ్రో కోరడంతో కావాలనే ముందుగా బొమ్మలు చేయించలేదు. డిజైన్ ఫ్యాక్టరీకి వెళ్లిందంటే ఎక్కడో ఒకచోట నుంచి ఫొటో బయటికి వస్తుంది మరి!

ఫలితం? ఏడాదిలో అతి పెద్ద షాపింగ్ సీజన్ అయిన క్రిస్మస్ చేజారిపోయింది. అభిమానులు 2020లో డెలివరీ అయ్యేలా ప్రీ-ఆర్డర్లు పెట్టుకుని కూర్చున్నారు. ఒక పాత్ర చుట్టూ లీక్‌లు లేకపోతే "కంపెనీకి ఇంట్రెస్ట్ లేదు" అని తేల్చేయకూడదు. కొన్నిసార్లు ఎక్కువ ఇంట్రెస్ట్ ఉన్నచోటే తాళం గట్టిగా పడుతుంది.

పాఠం 2: లిస్టు చూసి కథ ఊహించొద్దు

2015లో ది ఫోర్స్ అవేకెన్స్ రాకముందు అభిమానులు బొమ్మల లిస్టులు చూసి కథ అల్లడం మొదలుపెట్టారు. సెప్టెంబర్‌లో వచ్చిన స్టార్ వార్స్ మోనోపొలీ గేమ్‌లో నాలుగు పాత్రల ముక్కలే ఉన్నాయి: ల్యూక్, డార్త్ వేడర్, ఫిన్, కైలో రెన్. రే లేదు. ట్రైలర్‌లో లైట్‌సేబర్ ఫిన్ చేతిలో ఉంది. రెండూ కలిపితే లెక్క సింపుల్ అనిపిస్తుంది: కొత్త హీరో ఫిన్, రే సైడ్ క్యారెక్టర్.

డిసెంబర్ 18న సినిమా వచ్చాక చూస్తే అసలు కథానాయిక రేనే! మరి గేమ్‌లో ఎందుకు లేదు? సినిమా కంటే ముందే గేమ్ వస్తోంది కాబట్టి కథ బయటపడకూడదని రేని పెట్టలేదని తయారీ కంపెనీ హాస్‌బ్రో వివరణ ఇచ్చింది. ఆ వివరణతో చాలామంది తృప్తి పడలేదు, విమర్శలు వచ్చాయి, తర్వాత రేని చేరుస్తామని కంపెనీ చెప్పింది. మనకు కావాల్సిన పాయింట్ ఏంటంటే, బొమ్మల లిస్టు అనేది కథ సారాంశం కాదు. దాచడానికి కూడా లిస్టులు అలా తయారవుతాయి.

పాఠం 3: అధికారిక ప్రకటన కూడా ఫైనల్ కాదు

ఇది చాలామంది నమ్మరు. 1979లో కెన్నర్ బోబా ఫెట్ ఫిగర్‌ని ప్రకటించింది. నాలుగు బొమ్మల ప్యాకింగ్ నుంచి కొనుగోలు గుర్తులు కత్తిరించి పంపితే ఫ్రీ. స్పెషాలిటీ ఏంటంటే, వీపు మీద నుంచి నిజంగా ఎగిరే చిన్న రాకెట్. ప్యాకెట్ల వెనుక ప్రింట్ కూడా అయిపోయింది. ఇంతకంటే గట్టి ప్రూఫ్ ఏముంటుంది?

అదే సమయంలో వేరే స్పేస్ బొమ్మ నుంచి ఎగిరిన చిన్న ముక్క గొంతుకు అడ్డుపడి ఒక పిల్లాడు చనిపోయాడు. దాంతో ఎగిరే రాకెట్ ఆలోచన ఆగిపోయింది. పిల్లల ఇళ్లకు వచ్చిన బోబా ఫెట్‌కి రాకెట్ కదలకుండా అతికించేసి ఉంది. ఎగిరే రాకెట్ ఉన్న వెర్షన్ ఏ దుకాణంలోనూ అమ్మకానికి రాలేదు, ప్రోటోటైప్‌లు మాత్రం కొన్ని మిగిలాయి. అందులో ఒకటి 2024లో వేలంలో 5,25,000 డాలర్లు పలికింది!

పైన చెప్పిన ఆరు మెట్లలో ఐదో మెట్టు, అంటే సేఫ్టీ దగ్గర కూడా బొమ్మ మారిపోవచ్చు. కాబట్టి ప్రీ-ఆర్డర్ పేజీలో "ఫైనల్ ప్రోడక్ట్ మారవచ్చు" అని ఉంటే అది ఊరికే రాసిన లైన్ అనుకోవద్దు.

పాఠం 4: మన గ్రూప్‌లో క్రేజ్ వేరు, ఆర్డర్ల సంఖ్య వేరు

"అందరూ అడుగుతున్నారు కదా, చేయకుండా ఎలా ఉంటారు?" అనేది అభిమానుల ఊహల్లో అన్నిటికంటే కామన్ లాజిక్. దీన్ని టెస్ట్ చేయడానికి మనకు మంచి డేటా ఉంది. హాస్‌బ్రో హాస్‌ల్యాబ్ పేరుతో ఒక క్రౌడ్‌ఫండింగ్ పద్ధతి నడుపుతోంది. గడువులోగా కనీస సంఖ్యలో ఆర్డర్లు వస్తేనే బొమ్మ తయారవుతుంది, లేకపోతే లేదు.

2018లో జబ్బా సెయిల్ బార్జ్. ధర 499.99 డాలర్లు, కావాల్సింది 5,000 మంది. 8,810 మంది వచ్చారు. పాస్.

2020లో మాండలోరియన్ ఓడ రేజర్ క్రెస్ట్. ధర 349.99 డాలర్లు, కావాల్సింది 6,000 మంది. 28 వేలకు పైగా వచ్చారు. సూపర్ హిట్.

2021లో రాంకోర్ అనే భారీ రాక్షసి. కావాల్సింది 9,000 మంది. డిసెంబర్ గడువు ముగిసేసరికి టార్గెట్ చేరలేదు. బొమ్మ తయారవలేదు.

రాంకోర్ కూడా 1983 సినిమా నుంచి అభిమానులకు బాగా తెలిసిన జీవే. అయినా సరే, "నాకు కావాలి" అనేవాళ్లు వేరు, కార్డ్ తీసి డబ్బు కట్టేవాళ్లు వేరు. లైక్‌లు చూసి మోల్డ్ కోయించే కంపెనీ ఉండదు.

ఇప్పుడు తూకం వేద్దాం: నాలుగు ప్రశ్నలు

కొత్త పుకారు కనిపించగానే ఈ నాలుగూ వరుసగా అడగండి.

ఒకటి, ఈ సమాచారం తయారీలో ఏ మెట్టు నుంచి బయటికి వచ్చి ఉండొచ్చు? రంగు లేని టెస్ట్ షాట్ ఫొటో అంటే అచ్చు ఉంది. బార్‌కోడ్‌తో దుకాణం ఎంట్రీ అంటే ప్లాన్ చాలా దూరం వచ్చింది. ఏ మెట్టూ చెప్పలేకపోతే అది సమాచారం కాదు, కోరిక.

రెండు, టైమ్ సరిపోతుందా? పాత్ర ఎప్పుడు డిజైన్ అయింది, ఫిగర్ ఎప్పుడు వస్తుందంటున్నారు? మధ్యలో ఏడాది అయినా ఉందా?

మూడు, అచ్చు కొత్తదా, పాతదా? ఉన్న బాడీకి కొత్త రంగు వేస్తే చాలు అనే రీపెయింట్ ఫిగర్స్ చౌక. స్టార్మ్‌ట్రూపర్ లాంటి హెల్మెట్ సైనికుల్లో ఇన్ని వెర్షన్లు రావడానికి కారణం ఇదే. పూర్తిగా కొత్త అచ్చు కావాల్సిన పెద్ద జీవి, పెద్ద ఓడ అయితే అనుమానం పెంచండి.

నాలుగు, చెప్పేవాళ్లకు లాభం ఏంటి? పుకారు చెప్పిన మనిషే అడ్వాన్స్ కూడా అడుగుతుంటే అక్కడితో ఆగిపోండి. నా 3,500 పోయింది ఈ నాలుగో ప్రశ్న అడగకే.

చిన్న ఎక్సర్‌సైజ్

కింద మూడు ఊహాజనిత పుకార్లు ఇస్తున్నాను. జవాబు చూడకముందు మీరే తూకం వేయండి.

అ) "ఈ విలన్‌కి మన గ్రూప్‌లో పిచ్చ క్రేజ్ ఉంది. పక్కా వస్తుంది."
ఆ) పెద్ద దుకాణం సిస్టమ్‌లో పాత్ర పేరు లేకుండా "ఫిగర్ 3" అని ఎంట్రీ, పక్కన బార్‌కోడ్, ధర.
ఇ) ట్రైలర్‌లో ఎర్ర కవచం ట్రూపర్ కనిపించాడు. అదే కవచం తెల్ల రంగులో ఫిగర్ ఇప్పటికే మార్కెట్లో ఉంది. ఎరుపు కూడా వస్తుందంటున్నారు.

జవాబులు: అ) కోరిక మాత్రమే, రాంకోర్‌ని గుర్తు తెచ్చుకోండి. ఆ) బొమ్మ వస్తుందనడానికి బలమైన ఆధారం, కానీ ఏ పాత్ర అనేదానికి ఆధారం సున్నా. పేరు దాచారంటే అది స్పాయిలర్ కావచ్చు. ఇ) ఆధారం లేకపోయినా మంచి ఊహ. అచ్చు ఖర్చు లేదు, టైమ్ తక్కువ చాలు. మూడింట్లో డబ్బు కట్టదగ్గది ఏది? ఏదీ కాదు. ప్రకటన వచ్చేదాకా అన్నీ ఊహలే.

మన దగ్గర కొనేవాళ్లకి ఒక మాట

హైదరాబాద్‌లో కూర్చున్నా విజయవాడలో కూర్చున్నా, ఈ ఫిగర్స్‌లో ఎక్కువ భాగం మనకు దిగుమతే. బొమ్మలపై కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి. కాబట్టి అమెరికా సైట్‌లో కనిపించే డాలర్ ధరని రూపాయల్లోకి మార్చి అదే ఫైనల్ రేటు అనుకోవద్దు. ఆర్డర్ పెట్టే రోజున ఉన్న సుంకం, షిప్పింగ్, క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి వచ్చే రూల్ మూడూ చూసుకోండి. అమెరికాలో ఉన్న అన్నయ్య, అక్క వచ్చేటప్పుడు తెమ్మన్నా సరే, ప్రకటించిన బొమ్మనే తెమ్మనండి.

చివరిగా ఒక విషయం. ఊహించడం తప్పని నేను అనడం లేదు. నిజం చెప్పాలంటే ఈ హాబీలో సగం మజా అందులోనే ఉంది. ఫ్రెండ్స్‌తో పందెం కాయండి, లిస్టులు రాసుకోండి, తప్పయితే నవ్వుకోండి. ఊహకి ఖర్చు లేదు. అడ్వాన్స్‌కి మాత్రం ఉంది. ఈసారి "త్వరలో వస్తోంది" అని ఎవరైనా ఫొటో పెడితే, ఫోన్ లీక్‌ని అడిగినట్టే దాన్నీ అడగండి: నువ్వు ఏ మెట్టు నుంచి వచ్చావ్?