కంటిపాపలో తెల్లని మెరుపు

మొదటి పుట్టినరోజు ఫోటోలు పట్టుకొని ఒక తల్లి మా కంటి విభాగానికి వచ్చింది. ఫ్లాష్ వెలుగులో బాబు కుడి కంటిపాప ఎర్రగా పడింది, ఎడమది తెల్లగా పడింది. "ఫోటో సరిగా రాలేదనుకున్నామండీ, కానీ ఇంకో రెండింటిలో కూడా అట్లాగే ఉంది" అన్నది. ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లికన్ను అన్నారట, కాస్త మెల్లకన్ను కూడా ఉంది గనుక అదృష్టమన్నారట. ఆమె మాత్రం ఊరుకోలేదు. అదే బిడ్డకు మేలు చేసింది.

ఫ్లాష్‌లో కంటిపాప ఎర్రగా పడటం మామూలే. అది కంటి వెనుక పొరలోని రక్తనాళాల రంగు. తెల్లగా పడితే లోపల ఏదో అడ్డుందని అర్థం. అది శుక్లం కావచ్చు, మరొకటి కావచ్చు. రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కూడా కావచ్చు. ఇది సుమారు 15,000 నుండి 20,000 కాన్పులకు ఒక బిడ్డకు వస్తుంది, ఎక్కువగా 5 ఏళ్ళ లోపే బయటపడుతుంది. ఇంత అరుదైన జబ్బుకు ఒక పేజీ ఎందుకని మీరు అడగవచ్చు. క్యాన్సర్‌ను ఆపే జన్యువులు మనలోనే ఉన్నాయని వైద్యులకు తేటగా చూపినది ఈ పసిపిల్లల జబ్బే. అందుకే ఎందుకు వస్తుందో కొంచెం వివరంగా చెబుతాము.

మన శరీరంలో ఏ కణమైనా రెండుగా చీలే ముందు తనలోని డిఎన్‌ఎ అంతటికీ నకలు తీసుకోవాలి. ఆ పని మొదలుపెట్టించే ప్రొటీన్లకు ఇ2ఎఫ్ అని పేరు. ఆర్‌బి అనే మరో ప్రొటీన్ వాటిని గట్టిగా పట్టుకొని ఉంటుంది. కాలువ తూముకు వేసిన తలుపు అనుకోండి. పెరగమని కబురు అందినప్పుడు కొన్ని ఎంజైములు ఆర్‌బికి ఫాస్ఫేట్లను తగిలిస్తాయి. దాని పట్టు సడలి ఇ2ఎఫ్ విడుదలవుతుంది, నకలు తీయడం మొదలవుతుంది. కణం చీలిపోయాక ఫాస్ఫేట్లు ఊడిపోతాయి, తలుపు మళ్ళీ పడుతుంది. తలుపే లేకపోతే? అవసరం ఉన్నా లేకపోయినా నీరు పారుతూనే ఉంటుంది. కణం కూడా అట్లాగే అడ్డూ ఆపూ లేకుండా చీలుతుంది.

ఈ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, మనకు రెండు ఉంటాయి. ఒకటి చెడినా రెండవది పని నడిపిస్తుంది, రెండూ చెడితేనే ప్రమాదం. ఈ సంగతిని అమెరికా వైద్యుడు ఆల్ఫ్రెడ్ నూడ్సన్ 1971లోనే, ఆ జన్యువు ఎవరి కంటా పడకముందే ఊహించాడు. ఆయన చేతిలో ఉన్నవి 48 మంది పిల్లల కేసు వివరాలు, లెక్కలు. అంతే. రెండు కళ్ళకూ జబ్బు వచ్చిన పిల్లల్లో అది త్వరగా బయటపడుతోంది, ఒక కంటికే వచ్చినవారిలో ఆలస్యంగా బయటపడుతోంది. మొదటివారు ఒక దెబ్బతోనే పుట్టారు, ఇక ఒక్కటే మిగిలింది. రెండవవారికి రెండు దెబ్బలూ పుట్టాక ఒకే కణానికి తగలాలి గనుక కాలం పడుతుందని ఆయన చెప్పాడు. 1986లో జన్యువు దొరికింది. ఆయన లెక్క నిజమని తేలింది.

ఇక తల్లులు మమ్మల్ని అడిగే ప్రశ్న. "గర్భంతో ఉండగా గ్రహణం చూశానండీ, అందుకేనా?" కాదమ్మా. మేనరికం వల్ల వచ్చేదీ కాదు. చాలామంది బిడ్డల విషయంలో కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఈ జబ్బు ఉండదు. కణాలు చీలేటప్పుడు నకలులో దొర్లిన తప్పు అది. ఆ తప్పుకు కోడలిని తిట్టే అత్తగారిని చూస్తే మాకు బాధ కలుగుతుంది.

పుట్టుకతోనే ఒక జన్యువు చెడిన పిల్లలకు ఒళ్ళంతా ప్రతి కణంలోనూ ఒకటే మిగిలి ఉంటుంది. పెద్దయ్యాక ఎముక క్యాన్సర్ వంటివి వచ్చే అవకాశం వారికి ఎక్కువ. బయటి నుండి ఇచ్చే రేడియేషన్ ఆ మిగిలినదాన్ని కూడా దెబ్బతీయవచ్చు గనుక వీలైనంతవరకు దాన్ని తప్పిస్తారు.

ఆర్‌బి పని కంటికి మాత్రమే పరిమితం కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌పివి వైరస్ జన్యువు జోలికి పోకుండా, ఇ7 అనే తన ప్రొటీన్‌తో ఆర్‌బినే పట్టి పనికిరాకుండా చేస్తుంది. ఆడపిల్లలకు ఇచ్చే టీకా ఆ వైరస్‌ను అడ్డుకొనేందుకే.

మళ్ళీ బాబు సంగతికి వద్దాము. కణితి చిన్నదైతే లేజర్, అతిశీతల చికిత్స, కీమోథెరపీ ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల ఈ జబ్బుకు ప్రత్యేక వైద్యం దొరుకుతుంది. కణితి కన్నంతా నిండితే కన్ను తీసివేయక తప్పదు. ఈ మాట చెప్పగానే బిడ్డను ఎత్తుకొని వెళ్ళిపోయి, పసరు వేయించి, నెలల తరువాత కన్ను బయటికి పొడుచుకు వచ్చాక తిరిగి వచ్చినవారున్నారు. అప్పటికి జబ్బు కంటి నరం వెంట మెదడు వైపు పోయి ఉంటుంది. కంటి లోపలే ఉండగా వైద్యం అందిన పిల్లల్లో ఎక్కువమంది బ్రతుకుతారు. తీసిన కంటి స్థానంలో కృత్రిమ కన్ను అమర్చుతారు, బడికి పోతారు, ఆడుకుంటారు.

ఆ తల్లికి మేము చెప్పిన మరో మాట ఇది. బాబుకు మూడేళ్ళ అక్క ఉంది. ఆమె కళ్ళు ఎంత బాగా కనిపించినా చుక్కల మందు వేసి, అవసరమైతే మత్తు ఇచ్చి, రెటీనా అంతా చూడాలి. ఇక ముందు బిడ్డ పుడితే, పుట్టిన కొద్ది రోజులలోనే తీసుకురావాలి.