కరెంటు పోయిన భూమి

మా ఈఈఈ క్లాసులో 'బ్లాక్ స్టార్ట్' పాఠం వింటుంటే నాకు డైనోసార్లు గుర్తొచ్చాయి. నవ్వకండి, కారణం ఉంది. గ్రిడ్ మొత్తం పడిపోతే స్టేషన్లన్నిటినీ ఒకేసారి లేపలేం. బయటి సప్లై లేకుండా మొదలవగలిగే ఏ జలవిద్యుత్ కేంద్రమో ముందు తిరగాలి. దాని కరెంటు అందుకుని పెద్ద థర్మల్ స్టేషన్లు లేవాలి.

6.6 కోట్ల ఏళ్ళ క్రితం భూమికి ఇలాంటి బ్లాకౌటే వచ్చింది. ఇప్పటి మెక్సికోలోని చిక్సులూబ్ దగ్గర సుమారు 10 కిలోమీటర్ల గ్రహశకలం పడింది. ఆ దెబ్బ కంటే తర్వాత కమ్మిన చీకటే ఎక్కువ ప్రాణాలు తీసింది. మసి, గంధకపు తుంపరలు, సన్నటి ధూళి కలిసి సూర్యుణ్ణి కప్పేశాయి. కిరణజన్య సంయోగక్రియ కుప్పకూలింది. మా భాషలో చెప్పాలంటే జనరేషనే పోయింది. ఆకు లేక ట్రైసెరాటాప్స్ పోయింది, అది లేక టిరనోసారస్ పోయింది. దాదాపు నాలుగింట మూడు వంతుల జాతులు అంతరించాయి.

మరి మొసళ్ళు, తాబేళ్ళు ఎలా బతికాయి? నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఏటి నీళ్ళలో తిండి అంతా పచ్చి ఆకు మీదే ఆధారపడదు. కుళ్ళిన ఆకుల్ని పురుగులు తింటాయి, పురుగుల్ని చేపలు, చేపల్ని మొసళ్ళు. ఆ కుళ్ళు సరుకే ఇన్వర్టర్ బ్యాటరీ అన్నమాట. పైగా మొసలి లోడు చాలా తక్కువ, నెలల తరబడి తిండి లేకున్నా ఉండగలదు. పెద్ద డైనోసార్ అలా కాదు, హాస్టల్లో ప్రతి రూముకీ గీజర్ పెట్టినట్టు. 'బలమున్నవాడే బతుకుతాడు' అని తేలిగ్గా అనేస్తాం గానీ, అప్పుడు పనికొచ్చింది తక్కువ తినడం, దొరికింది తినడం, బొరియలో దూరగలగడం.

సముద్రంలోనూ అంతే. నీటిపై తేలే ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల్లో చాలా జాతులు పోయి, గ్వెంబెలిట్రియా లాంటి బుల్లి జీవులు రాజ్యమేలాయి. దీనికి మన దగ్గరా సాక్ష్యం ఉంది. ఆ కాలంలోనే పడమటి కనుమల వైపు నుంచి దక్కన్ లావా వెయ్యి కిలోమీటర్లు దాటి రాజమండ్రి దాకా ప్రవహించిందని పరిశోధకులు చెబుతారు. గోదావరికి అవతల గౌరీపట్నం కంకర క్వారీల్లో రెండు నల్లరాతి ప్రవాహాల మధ్య సముద్రపు మట్టి పొర ఉంది. వినాశనం అయిన కొత్తలో బతికిన ఫొరామినిఫెరాలను గెర్టా కెల్లర్ బృందం అందులో గుర్తించి, 2008లో ప్రచురించింది. మనం రోడ్డుకి పోసే కంకర ఆ పొర పక్కదే!

నేల మీద ముందు లేచింది ఫెర్న్ మొక్కలు. గాలికి కొట్టుకొచ్చే బీజాంశాలు చాలు వాటికి, బూడిద నేలైనా పర్లేదు. తర్వాతి కథ అమెరికాలో కొలరాడోలోని కోరల్ బ్లఫ్స్ శిలాజాల్లో వరసగా కనిపిస్తుంది (2019లో బయటికొచ్చింది). ఫెర్న్‌ల తర్వాత తాటి జాతి చెట్లు. మొదట్లో అక్కడున్న క్షీరదాల్లో పెద్దది కూడా ఎలుకంతే. లక్ష ఏళ్ళకు పెద్ద పిల్లంత అయ్యాయి. మూడు లక్షల ఏళ్ళకు అక్రోటు కుటుంబపు చెట్లు పెరిగాయి, జంతువులు 20 కిలోలు దాటాయి. ఏడు లక్షల ఏళ్ళకు చిక్కుడు జాతి కాయలు కనిపిస్తాయి, వాటితోపాటు 50 కిలోల జంతువులు. తిండి మారిన ప్రతిసారీ ఒళ్ళు పెరిగింది.

నా బ్లాక్ స్టార్ట్ పోలిక ఇక్కడే చెడిపోతుంది. గ్రిడ్ లేస్తే పాత లైన్లే మళ్ళీ వెలుగుతాయి. అడవి అలా లేవలేదు. ఇప్పటి కొలంబియాలో వృక్షజాతుల వైవిధ్యం 45 శాతం తగ్గి, కోలుకోవడానికి 60 లక్షల ఏళ్ళు పట్టిందని 2021లో తేలింది. లెక్క సరిపోయింది గానీ అడవి వేరు. మునుపు కోనిఫర్లు, పూల మొక్కలు కలిసి ఎడంగా ఉండేవి, కింద దాకా ఎండ పడేది. తర్వాత వచ్చింది పూలచెట్ల దట్టమైన గొడుగు, కింద నీడ. అదే ఇప్పటి అమెజాన్ తరహా అడవి. తొక్కి, మేసి ఖాళీలు పెట్టే పెద్ద డైనోసార్లు లేకపోవడం, బూడిద నేలకు ఎరువు కావడం, కోనిఫర్లు ఎక్కువగా చనిపోవడం కారణాలు కావచ్చంటున్నారు. ఈ మూడింట్లో దేని వాటా ఎంతన్నది ఇంకా తేలాల్సి ఉంది. నాకైతే మొదటిదాని మీదే నమ్మకం.