చిప్ మీద ల్యాబ్: రొయ్యల చెరువు గట్టు దాకా వస్తుందా?

చిప్ అనగానే మనకి ప్రాసెసర్ గుర్తొస్తుంది. ఎన్ని నానోమీటర్లు, గేమ్ ఆడితే ఎంత వేడెక్కుతుంది, ఇవే మన ప్రశ్నలు. ఈరోజు చెప్పుకునే చిప్‌లో వెంట్రుకంత సన్నటి కాలువలు ఉంటాయి, వాటిలో ద్రవం పారుతుంది. దీన్నే ల్యాబ్ ఆన్ చిప్ అంటారు.

మాది ముదినేపల్లి. ఊరి చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. రొయ్యకి వైట్ స్పాట్ వైరస్ ముదిరితే 3 నుంచి 10 రోజుల్లో చెరువు మొత్తం పోవచ్చు. అనుమానం వస్తే మా బాబాయి శాంపిల్ పీసీఆర్ ల్యాబ్‌కి పంపి, రిపోర్ట్ వచ్చేదాకా నిద్రపోడు. వెంటనే పట్టేస్తే సైజు లేక రేటు రాదు, ఆగితే పెట్టుబడి కూడా మిగలదు. "అంత డబ్బు పోసి ఫోన్ కొన్నావు, ఇది అందులో తేలదేంట్రా?" అన్నాడోసారి. నవ్వేశాను గానీ, మంచి ప్రశ్నే.

అసలు చిన్నదైతే లాభం ఏంటి? ఇంట్లో షుగర్ మిషన్ స్ట్రిప్ చూడండి. అంచుకి రక్తం చుక్క తాకిస్తే చాలు, పంపు లేకుండా తనే లోపలికి లాక్కుంటుంది. ఇంకోటి, అణువులు వాటంతటవే కలిసే సమయం దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే కాలువ వెడల్పు పదో వంతు చేస్తే పని వందో వంతు టైమ్‌లో అయిపోతుంది. పీసీఆర్‌లో శాంపిల్‌ని సుమారు 95 డిగ్రీలకి వేడి చేసి, చల్లబరిచి, మళ్లీ మళ్లీ తిప్పాలి. ద్రవం తక్కువైతే ఆ తిప్పడం కూడా ఫాస్ట్.

ఇది మన దేశంలో ఇప్పటికే నడుస్తోంది. మోల్‌బయో కంపెనీ ట్రూనాట్ చూడండి. క్షయ పరీక్షకి వచ్చిన ఈ బ్యాటరీ మిషన్లనే 2020లో మన రాష్ట్రంలో కరోనా టెస్టులకీ వాడారు. చిప్‌లో వేసేది 6 మైక్రోలీటర్లు, మామూలు నీటిచుక్కలో దాదాపు ఎనిమిదో వంతు. గంటలో రిజల్ట్.

అయితే రివ్యూల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ట్రూనాట్‌లో చిప్ చదివే మిషన్ వేరు, శాంపిల్ నుంచి డీఎన్ఏ తీసే మిషన్ వేరు. అసలు కష్టం ఆ రెండోదానిదే. కళ్లెలోనే జిగురు ఉంటుంది, ఇక చెరువు నీళ్లంటే బురద, నాచు, మేత ముక్కలు. వెంట్రుకంత కాలువలో ఇవి ఇరుక్కుంటే అయిపోయినట్టే. నీళ్లలో వదిలేసే ఆక్సిజన్ సెన్సార్‌కీ ఇదే గొడవ, మొహం మీద పాకుడు పట్టి రీడింగ్ తప్పుతుంది.

ఇంకో లెక్క. చెరువులో పదింట ఒక రొయ్యకి వైరస్ ఉందనుకోండి. మీరు 10 రొయ్యలు తీసి టెస్ట్ చేస్తే, ఒక్కటీ దొరక్కపోయే ఛాన్స్ 35 శాతం. (0.9ని పదిసార్లు గుణించి చూడండి.) చిప్ ఎంత కరెక్ట్‌గా చదివినా ఈ 35 మారదు. నూటికి రెండింటికే వైరస్ ఉంటే, 95 శాతం నమ్మకానికి దాదాపు 150 రొయ్యలు కావాలి.

ఖర్చు తగ్గించే పని హైదరాబాద్‌లోనూ జరుగుతోంది. బిట్స్ పిలానీ క్యాంపస్‌లో ప్రొఫెసర్ సంకేత్ గోయెల్ టీమ్ లేజర్‌తో కాల్చి తీసిన గ్రాఫీన్ ఎలక్ట్రోడ్ల మీద, త్రీడీ ప్రింట్ చేసిన చిప్‌ల మీద పనిచేస్తోంది. అలాంటి డివైస్ రేపు మార్కెట్లోకొస్తే నేను యాప్ ఎలా ఉందని అడగను. శాంపిల్ ఎవరు శుభ్రం చేయాలి, ఒక చిప్ ఎన్నిసార్లు పనికొస్తుంది, కరెంట్ పోయిన రాత్రి నడుస్తుందా, ఇవే అడుగుతా. బాబాయికి మాత్రం ప్రస్తుతానికి ఒకటే చెప్పా, ల్యాబ్‌కి పంపేటప్పుడు ఒకే మూల నుంచి కాకుండా నాలుగు వైపులా వల వేసి ఎక్కువ రొయ్యలు తియ్యమని.